కుడి సగం ఉచితం

నా తల నాలుగు నెలల పదకొండు రోజులపాటు మునిసిపాలిటీవారి స్వాధీనంలో ఉంది. మాటవరసకి అనడం లేదు. రసీదు ఉంది, నంబరు ఉంది, గుండ్రటి ముద్ర ఉంది. అనుమానమున్నవాళ్లు మా ఇంటికి రావచ్చు. బీరువాలో పట్టుచీరల కింద పెట్టాం, తీసి చూపిస్తాను.

నేను గుమ్మడివలసలో ఓ ప్రైవేటు హైస్కూల్లో డ్రిల్లు మేస్టార్ని. పేరు పారినాయుడు. ముప్పై నాలుగేళ్లొచ్చి, ఇక వీడికి పెళ్లేమిటిలే అని మా అమ్మ ఆశ వదులుకున్నాక, పక్కవీధిలో స్కూలు యూనిఫారాలు కుట్టే హైమవతితో సంబంధం కుదిరింది. మూఢం వెళ్లాక ముహూర్తం పెట్టారు. అంటే నాలుగు నెలలకి పైగా ఆగాలి. ముప్పై నాలుగేళ్లు ఆగినవాడికి నాలుగు నెలలు ఓ లెక్కా అనుకున్నాను. ఆ ఆదివారం క్షవరానికి బయల్దేరకపోయి ఉంటే నిజంగానే లెక్క కాకపోయేది.

మా ఊళ్లో క్షవరమంటే సన్యాసిరావే. గొల్లవీధి సందులో మూడో గుమ్మం ఆయన సెలూను. ముప్పై ఏళ్లుగా అక్కడే. మూడేళ్ల కిందట మెయిన్ రోడ్డులో అద్దాల సెలూనొకటి వెలిసింది. లోపల ఏసీ, బయట తలుపు తీయడానికో మనిషి. దాంతో సందులోకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. సందు మొగలో ఓ చిన్న బోర్డు పెట్టుకుంటానని సన్యాసిరావు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టాడు. దరఖాస్తుకి, అప్పటికే పెట్టి ఉన్న బోర్డు ఫొటో జతచేయాలన్నారు. అనుమతి లేకుండా బోర్డు పెడితే నేరమనీ అన్నారు. ఈ రెండు మాటలూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి అచ్చేసి ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని రెండేళ్లు ఆఫీసు మెట్లు అరగదీశాడు పాపం.

"బోర్డు పెట్టనివ్వరు గదా, మనిసిని పెడతాను" అన్నాడు చివరికి.

ఆదివారం పొద్దున్నే బస్సు కాంప్లెక్సు ముందు కుర్చీ వేసి కేకలు మొదలుపెట్టాడు. "రండి బాబూ, కుడి సగం ఉచితం! నచ్చితే ఎడం సగం మా కొట్లో, మామూలు రేటుకే! నచ్చకపోతే మీ ఇష్టం, అలగే తిరగండి!"

ఆ బుర్రకి దండం పెట్టాలి. కాంప్లెక్సు నుంచి గొల్లవీధికి కిలోమీటరు నడక. సగం తలతో నడిచేవాణ్ణి ఎదురొచ్చిన ప్రతివాడూ ఆపి "ఏటిది?" అని అడుగుతాడు. వాడు సిగ్గుతో చచ్చి అంతా చెప్పుకోవాలి, చిరునామాతో సహా. పది గంటలకల్లా మెయిన్ రోడ్డు మీద పదకొండు సగం తలలు నడిచాయి. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వినవాళ్లే మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డారు.

పన్నెండో తల నాది. కుడివైపు మిషనుతో నున్నగా అయిపోయి, కుర్చీ దిగబోతున్నాను. అప్పుడు జీపు ఆగింది.

అందులోంచి దిగినాయన విశ్వంభరరావు, మునిసిపాలిటీలో ప్రకటనల తనిఖీ అధికారి. ఊళ్లో ఏ కొట్టు ముందూ ఆయన జేబులో చెయ్యి పెట్టగా చూసినవాళ్లు లేరు. టీ, బజ్జీ, అరటిపళ్లు, చెప్పుకి కుట్టు, అన్నీ ఉద్యోగంతోపాటు వచ్చినవే అనుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా రెండు వారాలకో ఆదివారం సన్యాసిరావు ఆయన ఇంటికెళ్లి ఊరికే క్షవరం చేసి వస్తున్నాడు. ఆ ఆదివారం వెళ్లలేదు.

"ఏమిటిది?" అన్నాడు.

"కటింగండీ బాబూ."

"కటింగు కాదు. వ్యాపార నిమిత్తం ప్రజాదృష్టిని ఆకర్షించు ఉద్దేశ్యముతో బహిరంగ ప్రదేశమున ప్రదర్శింపబడిన ఏదేని వస్తువు ప్రకటన ఫలకముగా పరిగణింపబడును. నిబంధన పద్నాలుగు, ఉపనిబంధన మూడు. సదరు తలకు అనుమతి ఉన్నదా?"

"తలకి అనుమతేటండీ! పుట్టినకాడ్నించీ నాదే కదా" అన్నాను.

"నివాస నిమిత్తం మీది. వ్యాపార నిమిత్తం వేరే అనుమతి కావలెను."

మిగతా పదకొండుమందీ అప్పటికే సందులో దూరి రెండో సగం చేయించుకుని బయటపడ్డారు. దొరికింది నేనొక్కణ్ణే. విశ్వంభరరావు టేపు తీసి నా తల పొడవూ వెడల్పూ కొలిచాడు. భూమి నుంచి ఎత్తు కొలిచాడు. కొబ్బరిబొండాలమ్మే అప్పన్న చేతా, సాలూరు బస్సు తప్పిపోయి దిగాలుగా కూర్చున్న ఓ పెద్దమనిషి చేతా సాక్షి సంతకాలు పెట్టించాడు. నా ఎడంవైపు జుట్టుకి దారం కట్టి, దానికో అట్టముక్క తగిలించి, లక్కతో సీలు వేశాడు. లక్క చెవి మీద పడి చుర్రుమంది. సన్యాసిరావు కుర్చీ జీపెక్కింది. "సగం చేసిన ఏ తలనూ పురపాలక అనుమతి లేనిదే పూర్తి చేయను, చేసినచో సాక్ష్యము చెరిపిన నేరమునకు బాధ్యుడను" అని సన్యాసిరావు చేత ఓ కాగితం రాయించుకుని వేలిముద్రా సంతకమూ రెండూ తీసుకున్నారు.

నాకిచ్చిన రసీదు మీద "సొత్తును కత్తిరించరాదు, కప్పరాదు, కదల్చరాదు" అని ఉంది.

"కదపకపోతే ఇంటికెలా వెళ్లాలండీ?"

"భద్రత నిమిత్తం సొత్తును తాత్కాలికంగా మీ వద్దనే ఉంచుతున్నాము. పట్టణ పరిధి దాటించవద్దు" అని జీపెక్కాడు మహానుభావుడు.

సోమవారం ప్రార్థనకి వెళ్లాను. మూడువందలమంది పిల్లలు స్కూలు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. "కుడివైపు తిరుగు" అంటే తిరగడం మానేసి నా కుడివైపు చూసేవారు. హెడ్మాస్టరు పిలిచి, ఇకమీదట పిల్లలకి ఎడం పక్కే కనిపించేలా నిలబడమన్నాడు. అలాగే నిలబడ్డాను. ఎండ ఒకే చెంప మీద పడి అదొక్కటే నల్లబడింది.

సాయంత్రం హైమవాళ్ల నాన్న లచ్చన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, నా తల చుట్టూ ఓసారి తిరిగి చూశాడు.

"బాబూ పారినాయుడూ, నాను మంచోణ్ణే గానీ నాకూ ఓ పరువున్నాది. పెళ్లి నాటికి ఈ తల నీదయ్యుండాల, సమంగా ఉండాల. లేదంటే పీటలమీదకి రాకు. సొంత తల సొంతానికి ఉంచుకోలేనోడికి పిల్లనెలగిస్తాను? ఊరు నవ్వదేటి?"

మర్నాడు హైమ మిషను దగ్గరికెళ్లి నిలబడ్డాను. తొక్కుతున్న మిషను ఆపి నన్ను చూసి ముందు పకపకా నవ్వింది. నవ్వాక కళ్లు తుడుచుకుని, "సెవి కాలిందేటి?" అని అడిగింది. తలూపాను.

"బెంగపడకు. ఆల్లకి కాయితం పెట్టు. ఆల్లు కాయితానికి తప్ప దేనికీ కదల్రు" అంది.

కాయితం పెట్టాను. సోమవారం సోమవారం ఫిర్యాదుల దినం. కమిషనరుగారు చల్లని గదిలో కూర్చుని నా అర్జీ రెండుసార్లు చదివారు. చాలా మర్యాదస్తుడు, నన్ను కూర్చోమని కూడా అన్నారు.

"మీ బాధ నాకు పూర్తిగా అర్థమైనది" అన్నారు. "అయితే ఫలకము విడుదల చేయవలెనన్న, ముందు అది నిలకడగా ఉన్నదని ఇంజనీరుగారి ధ్రువపత్రము కావలెను. రేపు విడుదలయ్యాక అది ఎవరిమీదనైనా పడితే బాధ్యులెవరు?"

"నా తల ఎవరి మీద పడుతుందండీ?"

"అదే ఇంజనీరుగారు చూసి చెప్పవలెను."

ఇంజనీరుగారికి వీలు చిక్కేసరికి అయిదు వారాలు పట్టింది. ఆయన నా మెడ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. "పునాది సన్నము. గాలివాన సమయమున ఊగు అవకాశము కలదు" అని రాశాడు. తర్వాత వేలి కణుపుతో నడినెత్తి మీద టకటకా కొట్టి, చెవి పెట్టి విని, "లోపల బోలు" అని రాశాడు. న్యాయం కోసం వీళ్ల దగ్గరికి వచ్చినవాణ్ణి కాబట్టి, ఆ ఒక్క మాటా కాదనలేకపోయాను.

మా అమ్మకి ఓ ఉపాయం తట్టింది. కొండెక్కి దేవుడికి తలనీలాలు ఇచ్చేస్తే గుండు సమంగానే ఉంటుంది కదా, దేవుడి పని కాబట్టి ఎవరూ నోరెత్తరు కదా అంది. బంగారంలాంటి ఆలోచన. విశ్వంభరరావుకి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పురపాలక సొత్తును దేవాదాయ శాఖకు బదలాయించుటకు రెండు శాఖల నడుమ ఒప్పందము కావలెను. దేవుని తరఫున సంతకము ఎవరు చేయుదురు?"

ఇలాంటివాడికి జీతమిచ్చి పోషిస్తున్నది నేనూ మీరూ కలిసే. మా అమ్మ ఆ ఆఫీసుకేసి తిరిగి మెటికలు విరిచింది.

మూడు నెలలు దాటాయి. ఈలోగా ఎవరి అనుమతీ అడక్కుండా ఒక పని జరిగిపోయింది. కుడివైపు జుట్టు పెరిగింది. మొదట గడ్డిలా, తర్వాత ఒత్తుగా, ఆపైన చెవి మీదకి. రెండు పక్కలా దువ్వెన ఆడే రోజు వచ్చింది. అద్దంలో చూసుకుంటే నేనే. లచ్చన్న కూడా చూసి, "పర్లేదు, మనిసిలాగున్నావు" అన్నాడు. శుభలేఖలు అచ్చుకిచ్చారు. హైమ నాకు పెళ్లి చొక్కా కుట్టడం మొదలుపెట్టింది.

పెళ్లింక పన్నెండు రోజులుందనగా విశ్వంభరరావు తనిఖీకి వచ్చాడు. కుడివైపు టేపు పెట్టి కొలిచి, పాత కాగితంతో సరిచూసి, మొహం గంభీరంగా పెట్టాడు.

"స్వాధీనములో ఉన్న స్థలమున రెండంగుళముల అదనపు నిర్మాణము జరిగినది."

"నిర్మాణమేటండీ బాబూ, జుట్టు! దానంతటది పెరిగింది!"

"అక్రమ నిర్మాణములన్నియు వాటంతట అవే పెరిగినవనియే యజమానులు చెప్పుదురు. ఇది కూల్చి, స్వాధీనము నాటి స్థితికి తేవలెను. పిమ్మట మాత్రమే విడుదల."

కూల్చడానికి టెండరు పిలిచారు. గోడలు కూల్చే కాంట్రాక్టరుకి దక్కింది. పెళ్లి రేపనగా, మధ్యాహ్నం మూడింటికి, నన్ను ఆఫీసు వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టారు. కాంట్రాక్టరు పొక్లెయినరుతో వచ్చి గేటు బయట ఆపాడు. కూల్చవలసిన కట్టడం ఎక్కడని అడిగితే అందరూ నా తల చూపించారు. అతను మంచివాడే. నన్ను చూసి, తన యంత్రాన్ని చూసి, "ఇది నావల్ల కాదు బాబూ" అని, సన్యాసిరావుకి కబురంపాడు.

సన్యాసిరావు కత్తెర పట్టుకుని వచ్చి, సంగతి విని రెండు చేతులూ జోడించాడు.

"రేపు పెళ్లికొడుకుని సేసి గోళ్లు తీయాల్సినోణ్ణి నాను. ఈ సేత్తోనే ఈరోజు సగం తల సేయమంటారా? నన్నొగ్గీయండి బాబూ, మీకు దండవెడతాను!"

"ప్రభుత్వ పనికి ఆటంకము కలిగించుట మరొక నేరము" అన్నాడు విశ్వంభరరావు.

ఏడుస్తూనే చేశాడు. కుడి సగం మళ్లీ నున్నగా అయింది. విశ్వంభరరావు స్వాధీనం నాడు తీసిన ఫొటో పక్కన పెట్టుకుని మూడు కోణాల్లోంచి చూసి తృప్తిగా తలాడించాడు. కమిషనరుగారు సంతకం పెట్టారు. దారం తెంపారు, సీలు ఊడదీశారు. "కేసు ముగిసినది. సొత్తు విడుదల" అన్నారు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "బేగి కానీ బాబాయ్, ఎడం పక్క!" అన్నాను. సన్యాసిరావు కత్తెర ఎత్తాడు.

"ఆగండి" అన్నాడు విశ్వంభరరావు. "విడుదలైన సదరు తల ప్రస్తుతము ఏ స్థితిలో ఉన్నది? సగము చేయబడి ఉన్నది. ఎక్కడ ఉన్నది? బహిరంగ ప్రదేశమున. ప్రజలు చూచుచున్నారా? చూచుచున్నారు. నిబంధన పద్నాలుగు, ఉపనిబంధన మూడు." జేబులోంచి కొత్త దారం తీసి, నా ఎడంవైపు జుట్టుకి కట్టేశాడు. కొత్త నంబరు వేశాడు.

నాలుగు నెలల పదకొండు రోజులు తిరిగింది ఇందుకా! వాణ్ణి ఆ స్టూలుతోనే కొట్టాలనిపించింది. గేటు దగ్గర లచ్చన్న నిలబడి ఉన్నాడు. నా సగం తల చూసి, భుజం మీద తువ్వాలు దులుపుకుని వెనక్కి తిరిగాడు. ఇక పెళ్లి లేనట్టే అనుకున్నాను.

"నువ్వాగు నాన్నా" అంటూ హైమ అతన్ని దాటుకుని లోపలికొచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. మిషను మీంచి లేచి వచ్చేసినట్టుంది. తిన్నగా కమిషనరుగారి ఎదురుగా నిలబడింది.

"సారూ, ఒక్క మాటడగాల. ఈ తల ఎవులిది?"

"ప్రస్తుతము పురపాలక సంఘమునది" అన్నారు కమిషనరుగారు.

"రేపు పొద్దున్న ఏడూ ఇరవైకి నాను జీలకర్రా బెల్లం పెట్టాల. సేతిమీద పెట్టరు, బుజమ్మీద పెట్టరు, తలమీదే పెడతారు. అది పెడితేనే పెళ్లి. మీ తలమీద పెడితే నాను ఎవులి పెళ్లాన్నవుతాను?"

విశ్వంభరరావు నిబంధనల పుస్తకం పేజీలు గబగబా తిప్పాడు. అందులో జీలకర్ర లేదు.

"సుబలేకల్లో పెళ్లికొడుకు పేరు మార్పించీమంటే మార్పించీస్తాను. నాకేటీ బెంగ లేదు. మునిసిపాలిటీకి సొంత బిల్డింగున్నాది, కుళాయున్నాది, కరెంటున్నాది. రేపు సాయంత్రానికి సామాను దించీస్తాను. మిషను ఇదిగో, ఈ వరండాలో ఏస్తాను, ఎలుగు బాగున్నాది. పిల్లలు పుడితే ఇంటిపేరేటి రాయాలో అదొక్కటీ ఇప్పుడే రాసిచ్చీయండి."

కమిషనరుగారి మొహాన చెమట పట్టింది. మనిషి బాధ ఆయనకి పూర్తిగా అర్థమైనా ఇంత చెమట ఎన్నడూ పట్టలేదు.

"విశ్వంభరరావుగారూ! వివాహమనునది శాశ్వత బాధ్యత. శాశ్వత బాధ్యతలు స్వీకరించుటకు మనకు అధికారము లేదు. నేనే ఇక్కడ డిప్యుటేషన్ మీద ఉన్నాను! వెంటనే వదిలించుకోండి!"

నాలుగు నెలలు కదలని ఆఫీసు పది నిమిషాల్లో కాగితం టైపు చేసింది. "సదరు తలను, దానిపై ఉత్పన్నము కాగల యావత్తు బాధ్యతలతో సహా, అభ్యర్థిని కుమారి హైమవతికి శాశ్వతముగా అప్పగించడమైనది."

"నా తల నాకివ్వాలి కదండీ" అన్నాను.

"మీరు సొత్తు. సొత్తునకు సొత్తును అప్పగించు పద్ధతి లేదు" అన్నాడు విశ్వంభరరావు. హైమ సంతకం పెట్టి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆ కాగితమూ, నా రసీదూ ఇప్పుడు పట్టుచీరల కింద ఉన్నాయి.

"బాబాయ్, ఎడం పక్క సేసీ. ఓనరు పర్మిసన్" అంది. సన్యాసిరావు అక్కడే, వాళ్ల కళ్ల ముందే చేశాడు. మర్నాడు ఏడూ ఇరవైకి పెళ్లి జరిగింది. లచ్చన్న నా తల నిమిరి చూసుకున్నాడు.

పెళ్లయిన మూడో వారం ఆదివారం. ఈ గొడవంతా ఊరూవాడా చెప్పుకోవడంతో గొల్లవీధి సందు మనుషులతో కిటకిటలాడుతోంది. బోర్డు ఇప్పటికీ లేదు, అవసరమూ లేదు. నేనూ హైమా అటువైపు వెళ్లేసరికి, విశ్వంభరరావు వరస దాటుకుని లోపలికెళ్లి కుర్చీలో కూర్చుంటున్నాడు.

"నీ కుర్చీ నేనే దగ్గరుండి విడిపించాను. త్వరగా కానియ్యి" అన్నాడు, జేబు మీద చెయ్యి కూడా వేయకుండా.

"సిత్తం బాబూ" అన్నాడు సన్యాసిరావు. గుడ్డ కట్టాడు. కుడివైపు మిషను పెట్టి చెవి నుంచి నడినెత్తి దాకా నున్నగా చేశాడు. ముప్పై ఏళ్లలో అంత శ్రద్ధగా చేయగా నేను చూడలేదు. చేసి, గుడ్డ విప్పి దులిపి, మిషను డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"అదేమిటి? ఎడమవైపు?"

"ఊరికే అయితే కుడి సగమే బాబూ. ఊరందరికీ ఒకటే పద్దతి."

విశ్వంభరరావుకి ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి జేబులో చెయ్యి పెట్టి ఓ నోటు తీశాడు. "ఇదిగో, చెయ్యి!"

"బాబోయ్, నాకు డబ్బులొద్దు!" సన్యాసిరావు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "సగం సేసిన తలని మునిసిపాలిటీ అనుమతి లేకుండా ముట్టుకుంటే సాచ్చెం సెరిపేసిన నేరమవుద్ది. ఏలిముద్ర కూడా యేయించారు గదా. తమరే రాసుకోండి బాబూ, తమరికే అర్జీ పెట్టుకోండి."

విశ్వంభరరావు చొక్కా కాలరు తలమీదకి లాక్కుని సందులోకి వచ్చాడు. నలభైమంది ఒక్కసారే "ఏటండీ ఇది?" అన్నారు.

హైమ మెడలోంచి టేపు తీసి నా చేతిలో పెట్టింది. నేను ఆయన తల పొడవూ వెడల్పూ కొలిచాను, భూమి నుంచి ఎత్తు కొలిచాను. కాగితం మీద రాసి, సాక్షులుగా నేనూ హైమా సంతకాలు పెట్టాం.